తండా బడిలో ఒకటో తరగతి: గోర్ బోలీలోనా, ఇంగ్లిష్ మీడియంలోనా?

దేవరకొండ టీచర్: ఒకటి, రెండు తరగతులు లంబాడీల (బంజారాల) భాష గోర్ బోలీలోనే మొదలుపెట్టాలని నా వాదన. మా బడిలో ఒక పిల్లాడున్నాడు. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు ఒక్క మేక తగ్గినా పట్టేస్తాడు. కిరాణా కొట్టులో చిల్లర తప్పు పోనివ్వడు. అదే కూడిక నేను తెలుగులో అడిగితే తల వంచుకుని నిలబడతాడు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణ అంటోంది. ఉమ్మడి రాష్ట్రంలో బంజారాతో కలిపి 8 గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టారు కూడా.

తండా బిడ్డ: సార్, మావాళ్లు పుణె వలసపోయి సంపాదించిందంతా ప్రైవేటు బడి ఫీజులకు పోస్తున్నారు. ఇంగ్లిష్ కోసమే కదా? సర్కారు బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం 2022–23లో గానీ రాలేదు. అప్పుడే వెనక్కి లాగుతారా? మా భాష మా ఇంట్లో ఉంది.

పాలమూరు పిలగాడు: గోర్ బోలీకి లిపి ఏది?

దేవరకొండ టీచర్: వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు. అయినా ఇంగ్లిష్ వద్దని నేనెక్కడన్నాను?

పాలమూరు పిలగాడు: అంటే సొంత లిపి లేనట్టే.

మన్ననూరు వాసి: చెంచులు మాట్లాడేది తెలుగే. అయినా మా పెంటల్లో (చెంచు గూడేల్లో) పిల్లలు బడి మానేస్తున్నారు. తేనెకు, గడ్డలకు తల్లిదండ్రులు అడవిలోకి పోతే పిల్లలూ వెంట పోతారు. బడి క్యాలెండర్‌కు ఆ సంగతే పట్టదు. భాష ఒక్కటే కారణమంటే ఒప్పుకోను.

తండా బిడ్డ: హాస్టల్లో మా భాష మాట్లాడితే వీపు మీద పడేవి. తెలుగు తప్పు పలికితే క్లాసంతా నవ్వేది. ఇప్పుడు అదే భాషలో చదువుకోమంటే మళ్లీ మమ్మల్ని వేరుగా కూర్చోబెడతారని భయం. మీ పిల్లలది ఏ మీడియం సార్? దాచకుండా చెప్పండి.

దేవరకొండ టీచర్: ఇంగ్లిషే. కానీ మావాడు అర్థం కానిది తెలుగులో అడుగుతాడు, వాళ్ల టీచర్ తెలుగులో చెబుతుంది. తండా పిల్లాడు ఎవర్ని అడగాలి?

తండా బిడ్డ: తండా మనిషినే అడగాలి! డీఎడ్ చదివిన మా ఆడపిల్లలు పత్తి ఏరుతున్నారు. పుస్తకం మార్చడానికి తయారుగా ఉన్నారు, కుర్చీలో మనిషిని మార్చమంటే మాత్రం ఎవరూ పలకరు.

దేవరకొండ టీచర్: డీఎస్సీ రాసి వచ్చినవాణ్ని. ఇన్నేళ్లు ఆ పిల్లల మధ్యే ఉన్నాను. నన్ను పొమ్మంటారా?

మన్ననూరు వాసి: ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020లో కొట్టేసింది. అమ్రాబాద్‌లో మాకు తగిలిన దెబ్బ అది.

తండా బిడ్డ: దేవరకొండ ఏజెన్సీ కాదు, మాకు ఆ జీవో కూడా లేదు. సార్, మీరు ఉండండి. మీ పక్కన మా పిల్ల ఒకామె ఉండాలి, జీతంతో. డీఈఓకు అర్జీ రాస్తాను. మీరు సంతకం పెడతారా?

దేవరకొండ టీచర్: విద్యా వాలంటీర్లకు నెలల తరబడి జీతాలు ఆపారు. ఆ అమ్మాయి జీతం ఏ పద్దు నుంచి వస్తుందో అర్జీలో రాయండి, అప్పుడు పెడతాను.

తండా బిడ్డ: పద్దు చూపించాల్సింది సర్కారు, నేను కాదు.