అమెరికా కాలేజీ సీట్లు, జాతి: సుప్రీం కోర్టు తీర్పు మన పిల్లలకు మేలేనా?

ఫ్రీమాంట్ నాన్న:
అడ్మిషన్లలో విద్యార్థి జాతిని చూడకూడదని హార్వర్డ్, నార్త్ కరోలినా యూనివర్సిటీల కేసుల్లో 2023 జూన్ 29న అమెరికా సుప్రీం కోర్టు తేల్చేసింది. నాకైతే అది సరైన తీర్పే. అప్పటిదాకా కాలేజీలు నల్ల పిల్లలకు కాస్త మొగ్గు చూపేవి, కానీ నల్లవాళ్ల బానిసత్వం 1865లోనే పోయింది. తాతల నాటి పాపానికి, నిన్నగాక మొన్న హెచ్1బీ మీద దిగిన వాళ్ల పిల్లలు సీటు వదులుకోవాలా? పైగా హార్వర్డ్‌లో ఆసియా పిల్లలకు 'పర్సనల్ రేటింగ్' తక్కువ పడుతోందని ఆ కేసులోనే బయటపడింది. మా అమ్మాయి జూనియర్ ఇయర్ (11వ తరగతి). ఇంట్లో టెన్షన్ ఎలా ఉందో ఆ వయసు పిల్లలున్న వాళ్లకే తెలుసు.

పెన్నా తీరం:
అన్నా, పర్సనల్ రేటింగ్‌ను నేనూ సమర్థించను. వ్యక్తిత్వానికి మార్కులేంటి, విడ్డూరం కాకపోతే! కానీ 1865 దగ్గరే ఆగిపోతే ఎలా? 1930ల్లో ప్రభుత్వ సంస్థే నగరాల మ్యాపులు గీయించి, నల్లవాళ్లుండే పేటలకు ఎర్ర రంగు వేయించింది, అంటే అక్కడ అప్పివ్వడం ప్రమాదమని గుర్తు. ఇంటి లోన్లకు ప్రభుత్వం ఇచ్చే గ్యారంటీ ఆ పేటలకు దాదాపు అందలేదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చవక లోన్లు ఇచ్చినప్పుడూ నల్ల సైనికులకు దక్కింది తక్కువే. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్ష చెల్లదని చట్టం వచ్చింది 1968లో. అంతకుముందు ఇల్లు కొనలేకపోయిన వాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల మనవళ్లు మీ అమ్మాయితో పాటే అప్లికేషన్లు పెడుతున్నారు.

ఇక్కడ మధ్యతరగతి ఆస్తి అంటే ఇల్లే కదా. బడికి వచ్చే డబ్బులో పెద్ద వాటా కూడా ఆ ఏరియా ఇంటి పన్నులదే. మీరూ స్కూల్ రేటింగ్ చూసుకునే ఇల్లు కొని ఉంటారు. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వేలో మధ్యస్థ కుటుంబ ఆస్తి తెల్లవాళ్లకు సుమారు 2,85,000 డాలర్లు, నల్లవాళ్లకు 45,000 లోపు. జీతాల తేడా ఒక్కటే ఇంత దూరం పెంచదు.

లెక్కల మాస్టారు:
అయితే ఆస్తి చూసే ఇవ్వండి, జాతి ఎందుకు? జాతి పేరు చెబితే ముందు లాభపడేది డాక్టర్ల పిల్లలు, నిన్న నైజీరియా నుంచి వచ్చిన చదువుకున్న వాళ్ల పిల్లలు. మన దగ్గర క్రీమీ లేయర్ గొడవే ఇదీను. కాలిఫోర్నియా ఓటర్లు 1996లో ప్రాపొజిషన్ 209 అనే ప్రతిపాదనకు ఓటేసి ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని ఆపేశారు. 2020లో ఆ నిషేధం ఎత్తేద్దామా అంటే మళ్లీ వద్దన్నారు, అదీ డెమొక్రాట్ల కంచుకోటలో.

పెన్నా తీరం:
మాస్టారూ, క్రీమీ లేయర్ మాట ఒప్పుకుంటా. కానీ మన రిజర్వేషన్లతో పోల్చకండి. కోటా పెట్టడాన్ని వాళ్ల కోర్టు 1978లోనే అలన్ బాకీ (Bakke) అనే విద్యార్థి కేసులో కొట్టేసింది. తర్వాత మిగిలింది పది అంశాల్లో జాతినీ ఒకటిగా చూడటమే. ఇక కాలిఫోర్నియా అంటారా, జాతిని చూడకుండానే వైవిధ్యం తెద్దామని 50 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాం, అనుకున్నది సాధించలేకపోయాం అని ఆ రాష్ట్ర యూనివర్సిటీయే సుప్రీం కోర్టుకు చెప్పుకుంది.

నాకు మండేది ఇంకొకటి. కేసులో బయటికొచ్చిన లెక్కల ప్రకారం హార్వర్డ్‌లో సీటు దక్కిన తెల్ల విద్యార్థుల్లో సుమారు 43 శాతం ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, దాతల బంధువులు, ప్రొఫెసర్ల పిల్లలు. ఆ తలుపు జోలికి తీర్పు వెళ్లలేదు. మన సీటు నల్ల పిల్లాడు తన్నుకుపోయాడని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం. తీర్పు తర్వాతి ఏడాది ఎంఐటీలో నల్ల విద్యార్థులు 13 శాతం నుంచి 5కి పడిపోయారు, ఆసియా వాళ్లు పెరిగారు. యేల్‌లో మాత్రం ఆసియా వాళ్లే 30 నుంచి 24కి తగ్గారు.

1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో ఇదే కోర్టు భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరసత్వం లేదు పొమ్మంది. మన హెచ్1బీల దాకా దారి తెరిచిన 1965 వలస చట్టం, నల్లవాళ్లు వీధుల్లో దెబ్బలు తిన్న ఉద్యమం ఊపులోనే వచ్చింది.

ఫ్రీమాంట్ నాన్న:
చరిత్ర కాదనను. అయినా 17 ఏళ్ల పిల్లకు 'నీ సీటుతో ఆ బాకీ తీరుతోంది' అని చెప్పడం నావల్ల కాదు. లెగసీ, అంటే పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గు, తీసేయమంటే మాత్రం మొదటి సంతకం నాదే. కాలిఫోర్నియాలో ప్రైవేట్ కాలేజీలకూ 2025 నుంచి నిషేధం వచ్చిందిగా?

పెన్నా తీరం:
వచ్చింది. స్టాన్‌ఫర్డ్ ఏం చేసిందో తెలుసా అన్నా? లెగసీని ఉంచుకుని, పేద పిల్లలకు రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ సొమ్మునే వదులుకుంది. ఆ ఖాళీ సొంత నిధులతో నింపుతుందట.