యాభైకి దగ్గరపడ్డాక ఆర్కియాలజీ: పూర్వీకుల అస్థికలు తిరిగి అప్పగించే పనిలో ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు:
నాకు 49. అమెరికాలో చాలా ఏళ్లు అకౌంట్స్ ఉద్యోగం చేసి, పోయిన ఆగస్టులో ఆంత్రోపాలజీ ఎం.ఏ.లో చేరాను. చిన్నప్పటి నుంచి తవ్వకాలంటే పిచ్చి. మొదటి సెమిస్టర్లోనే క్లాసులో ఒక అట్టపెట్టె మూత తీసి చూపించారు. లోపల చిన్న దవడ ఎముక, దాని మీద నల్ల ఇంకుతో నంబరు. పాలపళ్లు ఇంకా ఊడలేదు. మా అమ్మాయి పాలపళ్లు డబ్బాలో దాచుకున్నదాన్ని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇక తవ్వడం కాదు, వీళ్లను ఇళ్లకు పంపే పనే చేయాలనిపిస్తోంది. ఈ వయసులో దారి ఉందా?

రేగుపండు:
అక్కా, ముందు ఆ పెట్టె సంగతి. ఆ ఎముక అమెరికా ఆదివాసీలదైతే అలా చూపించకూడదు. ఆదివాసీల అస్థికలు, పవిత్ర వస్తువులు వాళ్లకు తిరిగి అప్పగించడానికి 1990లో వచ్చిన నాగ్‌ప్రా అనే అమెరికా చట్టానికి కొత్త నిబంధనలు 2024 జనవరి 12న అమల్లోకి వచ్చాయి. సంబంధిత తెగ ఒప్పుకోనిదే ప్రదర్శన, పరిశోధన కాదు కదా, దగ్గరికి వెళ్లి చూడటం కూడా కుదరదు. మీ యూనివర్సిటీలో ఈ చట్టం పనులు చూసే కోఆర్డినేటర్ ఉంటారు. వెళ్లి అడగండి, ఫిర్యాదులా కాకుండా.

ఇక దారి అంటారా, మీ అకౌంట్సే దారి. నేను ఆరేళ్లుగా ఒక మ్యూజియంలో ఇదే చేస్తున్నాను. ముప్పావు వంతు లెక్కలు కలపడమే. పాత రిజిస్టర్లో మూడు పెట్టెలుంటాయి, అల్మారాలో రెండే ఉంటాయి. తవ్వినాయన డైరీలో ఊరి పేరు ఒకలా, చీటీ మీద మరోలా. ఈ జాబితాలు సరిచేయడానికి సంస్థలకు 2029 జనవరి 10 వరకే గడువు. ఓపికగా కూర్చునేవాళ్లు కావాలి.

పాలమూరు పిల్లోడు:
అమెరికా సంగతి నాకు తెలీదు. మా వైపు పెద్ద రాళ్లతో పేర్చిన పాత సమాధుల్ని రాక్షస గుళ్లు అంటారు. అక్కడ ఒక తవ్వకంలో రోజు కూలీకి పనిచేశాను. కొబ్బరికాయ కొట్టనిదే మావాళ్లు పార ముట్టలేదు. ఎముకలు బయటపడ్డాక ఎక్కడికి తీసుకెళ్లారో ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మా నాయనమ్మ చాలా రోజులు అడిగింది. అదే గుర్తొచ్చి రాస్తున్నా.

కొండదారి:
నాగాలాండ్‌లోని కోహిమాలో తొమ్మిదేళ్లు టీచర్‌గా ఉన్నాను. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మనిషి అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిలో నాగాలవీ ఉన్నాయి. వాటిని వెనక్కి తెచ్చుకోవడం గురించి ఫోరమ్ ఫర్ నాగా రీకన్సిలియేషన్ వాళ్లు ఊళ్లలో పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక నాగా పుర్రెను వేలానికి పెడితే, గొడవ చేసి ఆపించారు. తెచ్చాక ఏం చేయాలన్నదే కష్టమైన ప్రశ్న. ఆ పూర్వీకులది పాత ఆచారం, మనవలేమో చర్చికి వెళ్తారు. ఏ పద్ధతిలో మట్టి చేయాలి? అది మనలాంటి బయటివాళ్లు తేల్చేది కాదండి.

రేగుపండు:
ఇంకోటి మర్చిపోయాను. పురుగు పట్టకుండా పాతకాలంలో మ్యూజియం వస్తువులకు ఆర్సెనిక్, పాదరసం పట్టించేవాళ్లు. అమెరికాలోని హోపీ అనే ఆదివాసీ తెగకు తిరిగొచ్చిన పవిత్ర వస్తువుల్లో ఆర్సెనిక్ బయటపడింది. వాళ్లు వాటిని అద్దాల బీరువాలో పెట్టుకోరు, పూజలో ఒంటికి తగిలించుకుంటారు. కాబట్టి వస్తువుకు ఎప్పుడు ఏ మందు కొట్టారో ఆ కాగితం వెతికి ఇవ్వడం కూడా మన పనే.

గోదారిగట్టు:
నెల తర్వాత వచ్చాను. కోఆర్డినేటర్‌ను కలిశాను. ఆ పెట్టె ఇంతవరకూ ఏ జాబితాలోనూ లేదట! క్లాసు నుంచి తీసేసి, తెల్ల గుడ్డ కప్పి వేరే గదిలో పెట్టారు. వారానికి పది గంటలు నన్ను రిజిస్టర్ల మీద కూర్చోబెట్టారు. ఆ నంబరు ఏ నది ఒడ్డు నుంచి వచ్చిందో 1930ల నాటి డైరీలో నిన్న దొరికింది. పెన్సిల్ రాత, సగం చెరిగిపోయింది. వచ్చే మంగళవారం ఆ తెగ పెద్దలు వస్తున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం మాట్లాడాలి?

రేగుపండు:
ముందు వినండి అక్కా. ఆ డైరీ పేజీ కాపీ తీసి వాళ్ల చేతికివ్వండి. ఫోటోలు మాత్రం తీయకండి. గదిలో పొగ అలారం ఉందేమో ఇవాళే కనుక్కోండి. వాళ్లు సేజ్ ఆకు ధూపం వేస్తామంటే, ప్రార్థన మధ్యలో అది మోగకూడదు.