అప్‌డేట్: సహరీకి లేవలేకపోయిన ఆ సోమవారం రోజా (ఉపవాసం) సంగతి

సహరీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) మెలకువ రాలేదు, ఫజ్ర్ (తెల్లవారు నమాజు వేళ) దాటాక నియ్యత్ (సంకల్పం) చేసుకుంటే నఫిల్ (ఐచ్ఛిక) రోజా చెల్లుతుందా అని పోయిన వారం అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ జజాకల్లాహ్ ఖైర్.

తర్వాత ఇమాం గారిని కూడా అడిగాను. తెల్లవారాక ఏమీ తినకుండా, తాగకుండా ఉంటే మిట్టమధ్యాహ్నం లోపు చేసుకోవచ్చన్నారు. ఇంట్లో తినడానికేమీ లేదని తెలిసి ప్రవక్త (స) "అయితే నేను రోజాతో ఉన్నాను" అన్నట్టు ఆయన భార్య ఆయిషా (ర) చెప్పిన హదీసే ఆధారమట. మాలికీ మజ్‌హబ్‌లో (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) మాత్రం నఫిల్‌కైనా రాత్రి నియ్యత్ తప్పనిసరి. రమజాన్‌లో తప్పిపోయి తర్వాత తీర్చే కజా రోజాకు ఈ వెసులుబాటు లేదు. అంటే ఆ రోజు పదింటికే రోజా లేదనుకుని నీళ్లు తాగేయడం నా తొందరపాటే. నవ్వకండి.

ఈ గురువారం రోజా ఉన్నాను. మగ్రిబ్‌కు (సూర్యాస్తమయ నమాజు వేళకు) పావుగంట ముందు ఫోన్ పక్కన పడేసి దుఆకి (వేడుకోలుకి) కూర్చున్నా. అరబీలో వచ్చినవి రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఇక తెలుగులోనే అడిగాను, అమ్మ మోకాళ్ల నొప్పి దగ్గర మొదలుపెట్టి. అజాన్ ఎప్పుడైందో తెలీలేదు.

ఇంకోటి, రోజా విడిచేటప్పటి "దాహం తీరింది, నరాలు తడిశాయి" అనే దుఆ నీళ్లు తాగాక చదివేదట. అర్థం చూస్తే తెలిసేదే! ఇన్నేళ్లూ గ్లాసు చేత్తో పట్టుకుని ముందే చదివేస్తున్నా.

వచ్చే చాంద్రమాసం 13, 14, 15 తేదీల్లో రోజా ఉండాలనుకుంటున్నా, ఇన్షాఅల్లాహ్. ఈసారి అలారాలు రెండు.