మీటింగ్‌కి ముందు పాపని అడగండి

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, మర్రిపాలెం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చి ఏడు నెలలైంది. పాపకి 16 ఏళ్లు, మేధో వైకల్యం ఉంది. వైకల్యం ఉన్నవాళ్లకి సేవలందించే రీజనల్ సెంటర్ వాళ్లు ఐపీపీ (పాప కోసం రాసే సేవల ప్లాన్) మీటింగ్‌కి రమ్మన్నారు, పర్సన్ సెంటర్డ్ ప్లానింగ్, అంటే పాప ఇష్టాల్ని బట్టి ప్లాన్ వేయడం అంటున్నారు. ఏం అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మేం హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద ఉన్నాం, దాంతో ఇబ్బందేమైనా వస్తుందా?

—

చెల్లీ, నేనిప్పుడు వైజాగ్‌లోనే ఉన్నాను, అమ్మకి ఆపరేషన్ అంటే మా వాడిని తీసుకుని వచ్చాను. ముందు వీసా భయం వదిలెయ్. రీజనల్ సెంటర్ సేవలకి ఇమిగ్రేషన్ స్టేటస్ అడ్డం కాదు. అది వాళ్లు దయతో ఇచ్చేది కాదు, కాలిఫోర్నియాలో 1969 నాటి లాంటర్‌మాన్ చట్టం ఇచ్చిన హక్కు.

మా వాడికీ ఇలాంటి ప్లానే ఉంది. మా మొదటి మీటింగ్‌లో వాడిని అడిగిన ప్రతి ప్రశ్నకీ నేనే జవాబు చెప్పాను. ప్లాన్ చేతికొచ్చాక చూస్తే పళ్లు సరిగ్గా తోముకోడు, డబ్బు లెక్క రాదు, ఒక్కడే రోడ్డు దాటలేడు, ఇదే వరస. వాడికి ఏది ఇష్టమో ఒక్క ముక్క లేదు. నేను కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాను. ఆ తర్వాత వచ్చిన రీజనల్ సెంటర్ కోఆర్డినేటర్ వాడి వైపు తిరిగి, "నీకు ఏ రోజు బాగా గడిచినట్టు?" అని అడిగింది. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది. రెండు నిమిషాలు ఎవ్వరం మాట్లాడలేదు. వాడు నా ఫోన్ లాక్కుని, ఫొటోలు జరిపి జరిపి, ఆర్కే బీచ్ గోడ మీద కూర్చుని దూరంగా లంగరేసిన ఓడలు లెక్కపెడుతున్న ఫొటో ఆవిడ ముందు పెట్టాడు. వాడికి ఓడలంటే అంత ఇష్టమని నాకే తెలియదు, సముద్రం గాలి కోసం కూర్చుంటాడనుకునేదాన్ని.

ఆ ఫొటో నుంచే ప్లాన్ మొదలైంది. శనివారాలు సహాయకుడితో ఓక్లాండ్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో ఫెర్రీ ఎక్కుతాడు. టైమ్ చూసుకోవడం, టికెట్ కొనడం, లైన్లో నిలబడటం అక్కడే వచ్చాయి. ఇంట్లో ఏళ్ల తరబడి వర్క్‌షీట్లతో కుస్తీ పట్టినా రాలేదు.

ఇక్కడి సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ కాగితం), పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, స్కూల్ రిపోర్టులు తీసుకెళ్లు. అవి వైకల్యం 18 ఏళ్లలోపే ఉందనడానికి పనికొస్తాయి కానీ, అందులోని శాతం పాప గురించి ఏమీ చెప్పదు. అది నువ్వే రాసుకెళ్లాలి: ఎవరితో ఉంటే నవ్వుతుంది, ఏ చప్పుడుకి భయపడుతుంది, పొద్దున్న లేవగానే ఏం కావాలి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ముందే అడుగు, డబ్బు కట్టక్కర్లేదు. ప్లాన్‌లో ఒప్పుకున్న వాటికే సంతకం పెట్టు, మిగతావాటి మీద అప్పీల్ చేసుకోవచ్చు. ఐపీపీని మూడేళ్లకొకసారైనా సరిచూడాలి, మధ్యలో నువ్వు అడిగితే 30 రోజుల్లో మళ్లీ మీటింగ్ పెట్టాలి.

18 నిండగానే కన్జర్వేటర్‌షిప్, అంటే తన తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం కోర్టు ద్వారా తీసుకోమని చాలామంది చెబుతారు. తొందరపడొద్దు. నిర్ణయం తనదే, మనం పక్కనుండి సాయం చేస్తాం అనే పద్ధతిని 2022లో చేసిన చట్టం గుర్తించింది. ముందు దాని గురించి అడుగు.

—

అమ్మా, మా అమ్మాయికి మాటలే రావు. తనని ఎలా అడగాలి?

—

అన్నయ్యా, వద్దు అని తను ఎలా చెబుతుందో చూడండి. కంచం పక్కకి నెట్టడం, తల తిప్పుకోవడం, మీ చెయ్యి వదిలేయడం, అన్నీ జవాబులే. రెండు ఫొటోలు ముందు పెట్టి, దేన్ని ముట్టుకుంటుందో చూసి రాసుకోండి. అదీ ప్లాన్‌లోకి వెళ్లాలి.

—

అక్కా, పాపని అడిగాను. సాయంత్రమంతా ఏమీ చెప్పలేదు. ఇందాక పడుకోబోతూ "పూర్ణా మార్కెట్, తాతయ్య, పూలు" అంది. మా మామగారు పూలు కొనడానికి వెళ్లినప్పుడల్లా వెంట తీసుకెళ్లేవారు.

—

ఆ మూడు మాటలూ కాగితం మీద అన్నిటికంటే పైన రాయి చెల్లీ. ఫ్రీమాంట్‌లో పూల కొట్లు, నర్సరీలు ఎక్కడున్నాయో కూడా ఒకసారి చూసి పెట్టుకో.