ఇన్సులిన్ 10 యూనిట్ల బదులు 25 వెళ్లింది, చార్ట్‌లో రాయొద్దంటున్నారు. ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ_సిస్టర్:
జీఎన్ఎమ్ (నర్సింగ్ డిప్లొమా) అయ్యి ఏడాదిన్నర, ప్రైవేట్ హాస్పిటల్లో మెడికల్ వార్డు. నిన్న రాత్రి 22 మంది పేషెంట్లకి ఇద్దరమే ఉన్నాం. ఒక పెద్దాయనకి పడుకునే ముందు గ్లార్జిన్ ఇన్సులిన్ 10 యూనిట్లు వేయాలి. ఫ్రిజ్‌లో ఉన్నది 100 వయల్, అంటే ఎంఎల్‌కి 100 యూనిట్లుండే సీసా. దానికి వాడాల్సిన ఆరెంజ్ క్యాప్ సిరంజిలు అయిపోయి, చేతికందిన ఎర్ర క్యాప్‌ది తీసుకుని 10 గీత దాకా లాగి వేసేశాను. అప్పటికి ఇంకో బెడ్ నుంచి పిలుస్తున్నారు, అది సాకు కాదనుకోండి.

మూడింటికి ఆయన భార్య పరుగెత్తుకొచ్చి "అమ్మా, చొక్కా అంతా తడిసిపోయింది, పిలిస్తే సరిగ్గా పలకట్లేదు" అంది. జీఆర్‌బీఎస్ (వేలి రక్తంతో చూసే షుగర్) 46. డ్యూటీ డాక్టర్‌ని లేపి 25 శాతం డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) ఇచ్చాం, కాసేపటికి మనిషి తేరుకున్నాడు. ట్రాలీ సర్దుతుంటే కిడ్నీ ట్రేలో ఎర్ర క్యాప్ కనపడింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో.

ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్తే "బాగానే ఉన్నాడు కదా, 10 అని రాసుంది కదా, అలాగే ఉండనీ" అన్నారు. పొద్దున రౌండ్స్‌లో సార్ చార్ట్ చూసి "10కే ఇంత పడిపోయిందా" అని డోస్ 6కి తగ్గించారు. పక్కనే ఉన్నాను, నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాను కానీ నిద్ర పట్టట్లేదు. చెప్తే ఉద్యోగం పోతుందా? నా ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి.

ఐసీయూ_14ఏళ్లు:
తల్లీ, నిద్ర సంగతి తర్వాత, ముందు వార్డుకి ఫోన్ చెయ్యి. గ్లార్జిన్ దాదాపు రోజంతా పనిచేస్తుంది, ఒకసారి డెక్స్‌ట్రోస్ ఇస్తే అయిపోయినట్టు కాదు, మళ్లీ పడిపోవచ్చు. 25 వెళ్లిందని తెలియని వాళ్లు గంట గంటకీ షుగర్ ఎందుకు చూస్తారు?

కొత్తవాళ్ల కోసం లెక్క కూడా చెప్తాను. ఎర్ర క్యాప్ సిరంజి ఎంఎల్‌కి 40 యూనిట్లుండే వయల్ కోసం చేసింది, అందులో 10 గీత అంటే పావు ఎంఎల్. 100 వయల్ నుంచి పావు ఎంఎల్ లాగితే 25 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. తిరగేసి, 40 వయల్‌ని ఆరెంజ్ సిరంజితో లాగితే 10 అనుకున్నది 4 అవుతుంది. క్యాప్ తీసేశాక హడావిడిలో రెండూ ఒకటే అనిపిస్తాయి. మన దేశంలో రెండు రకాల వయల్సూ వార్డులో పక్కపక్కనే తిరుగుతున్నంత కాలం ఇది నీ ఒక్కదాని తప్పుగా నేను చూడను.

అసలు విషయం డోస్. సార్ 6 చేసింది ఆ పెద్దాయన ఒంటిని చూసి కాదు, నీ సంతకాన్ని చూసి. రేపు షుగర్ 300 దాటితే ఇంకెవరో ఇంకోలా మారుస్తారు. అందరూ అబద్ధం మీదే వైద్యం చేస్తూ పోతారు.

రాజమండ్రి_బ్రదర్:
చదవడానికి బాగుంటుంది అక్కా. రాసిన మర్నాడు మెమో ఆ పిల్లకే వస్తుంది, 22 మందికి ఇద్దర్ని వేసిన వాళ్లకి రాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికి ఒక నర్సు, మిగతాచోట ఐదుగురికి ఒకరు. ఇన్సులిన్ ఇద్దరు చూసి వేయాలని గోడ మీద కాగితం అంటించి ఉంటుంది, ఆ రెండో సంతకం తెల్లారాక పెడతాం, అందరికీ తెలిసిందే. చెప్పొద్దని అనను. ఒక్కదానివే వెళ్లి చెప్పకు, స్టాఫ్ ఎంతమంది ఉన్నారో కూడా రిపోర్ట్‌లో రాయి.

ట్యూటర్_మేడమ్:
నర్సింగ్ విద్యార్థులు దీపాలు పట్టుకుని ప్రమాణం చేసే ల్యాంప్ లైటింగ్ రోజు చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ 1893లో రాసింది, పాత రూపంలో డాక్టర్‌కి విధేయంగా ఉంటానని కూడా ఉంటుంది. మనవాళ్లకి ఆ ఒక్క ముక్క బాగా తలకెక్కింది, ఇన్‌చార్జ్ మాట దాటకూడదనేది అక్కణ్నుంచే వచ్చిందని నా అనుమానం. అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళి (1953లో వచ్చింది, 2021లో సవరించారు) మాత్రం మొదటి బాధ్యత సేవ అవసరమైన మనుషుల పట్ల అంటుంది.

ఎలా రాయాలో చెప్తాను. పాత ఎంట్రీని కొట్టేయకు, వైట్‌నర్ అసలు వద్దు. కింద 'లేట్ ఎంట్రీ' అని పెట్టి, ఇప్పటి తేదీ, టైము, వేసిన టైము, ఏ వయల్, ఏ సిరంజి, ఎంత వెళ్లింది, ఏ డాక్టర్‌కి ఎన్నింటికి చెప్పావు, అంతే. 'పొరపాటున', 'క్షమించండి' లాంటివి చార్ట్‌లో వద్దు. ఇన్సిడెంట్ రిపోర్ట్ వేరే కాగితం, సిరంజిలు అయిపోయిన సంగతి అక్కడ రాయి.

అటెండర్‌గా_అలవాటైనవాడు:
నేను నర్సుని కాదు. మా నాన్నకి ఆరేళ్లుగా ఇంట్లో ఇన్సులిన్ నేనే వేస్తున్నాను, ఈ ఎర్ర, ఆరెంజ్ సంగతి ఇవాళే తెలిసింది. మెడికల్ షాపులో ఏదిస్తే అది తెచ్చుకుంటున్నా! వెళ్లి డబ్బా తీసి చూశాను, నాది 40 వయల్, సిరంజి ఎర్రదే, బతికిపోయాం. ఆ పెద్దాయన భార్యకి చెప్పండి సిస్టర్, కోప్పడితే కోప్పడుతుంది. రేపు డిశ్చార్జ్ అయ్యాక సిరంజి కొనేది ఆవిడే కదా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ఫోన్ చేసి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాను. మళ్లీ చూస్తే 68 ఉందట, డ్రిప్ పెట్టి గంటకోసారి చూస్తున్నారు. సాయంత్రం సార్‌కి నేనే చెప్పాను, రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత 6 కొట్టేసి మళ్లీ 10 రాశారు. ఆయనే నన్ను తీసుకెళ్లి పెద్దాయన భార్యకి చెప్పారు. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి చూపించమంది.

మెమో వచ్చింది, మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలి. ఇన్‌చార్జ్ మాట్లాడట్లేదు. మేడమ్, ఆ వివరణ ఒకసారి చూసి పెడతారా?

ట్యూటర్_మేడమ్:
రాసి మెసేజ్‌లో పెట్టు, పేషెంట్ పేరు తీసేసి. ఆ రోజు డ్యూటీ రోస్టర్ ఫొటో ఉంటే దాచుకో.