యావజ్జీవ ఖైదీని పెళ్లి చేసుకుంటానంటున్న అక్క: ఇలాంటి ప్రేమ ఎందుకు పుడుతుంది?

ప్రశ్న: కావలి చెల్లెలు

మా పెద్దమ్మ కూతురు లెక్కల టీచరు. వయసు ముప్పై అయిదు దాటింది. తన జీతంతో తాను బతుకుతూ తమ్ముడిని కూడా చదివించింది. మొదటి పెళ్లి విడాకులతో ముగిసింది. ఆ భర్త చేయి చేసుకునేవాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఒక సేవా సంస్థ తరఫున చెముడుగుంటలోని నెల్లూరు కేంద్ర కారాగారానికి వెళ్లి, దూరవిద్య పరీక్షలు రాసే ఖైదీలకు పాఠాలు చెప్పింది. అక్కడ పరిచయమైన ఒక యావజ్జీవ ఖైదీతో ఇప్పుడు ఉత్తరాలు నడుస్తున్నాయి, ములాఖత్‌కు కూడా వెళుతోంది, అతడినే పెళ్లి చేసుకుంటానని పెద్దమ్మతో చెప్పేసింది. అతనిది హత్య కేసు. పెద్దమ్మ అన్నం మానేసింది. పెదనాన్న ఎవరో చేతబడి చేయించారంటున్నారు. నాకు చేతబడి మీద నమ్మకం లేదు గానీ, బయట ఇంతమంది మగవాళ్లుండగా, చదువుకుని లోకం చూసిన మనిషి జైల్లో ఉన్నవాడినే ఎందుకు కోరుకుంటుందో అర్థం కావడం లేదు. ఇది జబ్బా, జాలా? తెలిసినవారు వెటకారం చేయకుండా చెప్పగలరు.

జవాబు: ఒంగోలు అధ్యాపకుడు (మనస్తత్వశాస్త్రం)

ఈ విషయం గురించి వెతికితే మీకు ముందుగా ఎదురయ్యే మాట హైబ్రిస్టోఫీలియా. సెక్సాలజిస్టు జాన్ మనీ పేరుతో ముడిపడిన ఈ పదం, ఎదుటి మనిషి ఘోరమైన నేరం చేశాడన్న సంగతే లైంగిక ఆకర్షణకు మూలమయ్యే స్థితిని సూచిస్తుంది. అలాంటివారు లేకపోలేదు. కానీ ఆ పేరును మీ అక్కకు తగిలించే ముందు, ఆమె అతని నేరాన్ని చూసి దగ్గరైందా, లేక నేరం ఉన్నప్పటికీ దగ్గరైందా అన్నది తేల్చుకోవాలి. రెంటికీ చాలా దూరం ఉంది.

అందరూ ఉదాహరణగా చూపే అమెరికా హంతకుడు టెడ్ బండీ సంగతే తీసుకోండి. 1980లో ఫ్లోరిడాలో విచారణ సాగుతుండగా కోర్టు హాల్లోనే అతడిని పెళ్లాడిన కెరోల్ ఆన్ బూన్, అతడిని టీవీలో చూసి మోజుపడిన మనిషి కాదు. అతడు అరెస్టు కాకముందు వాషింగ్టన్ రాష్ట్రంలో ఇద్దరూ ఒకే కార్యాలయంలో పనిచేశారు, అతడు నిర్దోషి అని ఆమె నమ్మింది. 1986లో విడాకులు తీసుకుంది, 1989లో అతనికి మరణశిక్ష అమలైంది. ఆమెను అతని పక్కన నిలబెట్టింది నేరం మీది మోజు కాదు, అతడా నేరం చేయలేదన్న నమ్మకం.

మీ ప్రశ్నలో మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది: మొదటి భర్త కొట్టేవాడు. జైళ్లలో ఉన్న హంతకులను ప్రేమించిన స్త్రీలతో మాట్లాడి 1991లో పుస్తకం వెలువరించిన అమెరికా పాత్రికేయురాలు షీలా ఐసెన్‌బర్గ్, వారిలో చాలామంది అంతకుముందు తండ్రి చేతిలోనో భర్త చేతిలోనో హింస అనుభవించినవారేనని గమనించారు. పైకి వింతగా తోచినా ఇందులో ఒక లెక్క ఉంది. జైల్లో ఉన్న మనిషి కొట్టలేడు, తాగి అర్ధరాత్రి తలుపు బాదలేడు, మరో స్త్రీ దగ్గరకు పోలేడు. ఎప్పుడు వెళ్లాలో, ఎంతసేపు మాట్లాడాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఆమె, ఎదురుచూసేది అతడు. కాపురంలో ఏనాడూ చేతికి దక్కని పగ్గం ఆమెకు అక్కడ దొరికి ఉండవచ్చు.

ఉత్తరాల సంగతి వేరే చెప్పాలి. కమ్యూనికేషన్ పరిశోధకుడు జోసెఫ్ వాల్తర్ 1996లో, కంప్యూటర్ సందేశాలతో సాగే పరిచయాలు కొన్నిసార్లు ముఖాముఖి పరిచయాలను మించిన గాఢతను సంతరించుకుంటాయని వివరించాడు. రాసేవారు తీరిగ్గా ఆలోచించి తమలోని మంచినే ఏరి పంపుతారు, చదివేవారు మిగిలిన ఖాళీలను తమ కోరికకు తగ్గట్టు నింపుకుంటారు. జైలు ఉత్తరానికి ఇది ఇంకా బాగా వర్తిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ రాసేవాడికి తీరికకు కొదవ లేదు.

ఇంట్లోవాళ్లు అడ్డుపడితే ప్రేమ ముదురుతుందని 1972లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం చెప్పింది గానీ, 2014లో మళ్లీ పరిశీలించినప్పుడు ఆ ఫలితం రాలేదు. కాబట్టి మీ పెద్దమ్మ ఉపవాసం వల్ల ప్రేమ పెరుగుతుందని నేను అనను. ఇంట్లో అందరూ ఆమెతో మాటలు మానేస్తే మాత్రం, ఆమె చెప్పేది వినేవాడు అతడొక్కడే మిగులుతాడు.

జవాబు: ముత్తుకూరు గృహిణి

నేను ఆ ములాఖత్ వరుసలో నిలబడిన మనిషిని. నా భర్త విచారణ ఖైదీగా కొన్ని నెలలు లోపల ఉన్నాడు, తర్వాత కేసు కొట్టేశారు. మన దేశంలోని ఖైదీల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా తీర్పు రానివారే కనుక, ఖైదీని ప్రేమించడం అనగానే హంతకుల మీద మోజు గురించి మొదలుపెట్టడం నాకు నచ్చదు. అధ్యాపకుల వారు ఆ తేడా చూపించారు, సంతోషం.

అక్కడ నేను గమనించింది చెబుతాను. లోపల ఉన్నంతకాలం నా భర్త నా మాటలను ఎంత శ్రద్ధగా విన్నాడో, అంతకుముందు కాపురంలో ఏనాడూ వినలేదు. తాగుడు లేదు, ఫోను లేదు, స్నేహితులు లేరు. పిల్లవాడి జ్వరం, పక్కింటివాళ్ల గొడవ, గేదె ఈనిన సంగతి, ఏది చెప్పినా కళ్లార్పకుండా విని, మరుసటి ములాఖత్‌లో గుర్తుపెట్టుకుని అడిగేవాడు. బయటికి వచ్చిన నెలకే టీవీ వైపు తిరిగి కూర్చుని ఊ కొట్టడం మళ్లీ మొదలైంది. అతడు మొదటి నుంచీ ఎలాంటివాడో నాకు తెలుసు గనుక నేను ఆశ్చర్యపోలేదు. మీ అక్కకు లోపలి మనిషి ఒక్కడే తెలుసు. జీతం ఎవరి చేతిలో ఉండాలి, చుట్టాలు వస్తే ఎవరు వండాలి అన్న తగాదా ఆ ములాఖత్ గదిలో ఎవరికీ రాదు.

ఇంకొక మాట, కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. బయట ఇంతమంది మగవాళ్లుండగా అని రాశారు. విడాకులైన ఆడమనిషికి మన వైపు ఎలాంటి సంబంధాలు వస్తాయో మీకు తెలియనిది కాదు: పిల్లలను పెంచే మనిషి కావాలనుకునే రెండో పెళ్లివాళ్లు, జీతం ఎంతని మొదటే ఆరా తీసేవాళ్లు. ఆ ఇంతమందిలో ఒక్కడైనా ఆమెను ఈ రోజు ఎలా గడిచిందని అడిగాడా? జైల్లో ఉన్నవాడు అడిగాడు. అతడు మంచివాడని నేను అనడం లేదు.

జవాబు: నెల్లూరు న్యాయవాది

పై ఇద్దరూ మనసు గురించి చెప్పారు, నేను కాగితాల గురించి చెబుతాను. ఇలాంటి ప్రేమలు చాలావరకు "పద్నాలుగేళ్లు కాగానే వదిలేస్తారు" అన్న నమ్మకం మీద నిలబడి ఉంటాయి. అది నిజం కాదు. యావజ్జీవం అంటే జీవితాంతమేనని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో స్పష్టం చేసింది. హత్య వంటి నేరాల్లో యావజ్జీవం పడినవారిని 14 ఏళ్లు పూర్తికాకుండా ప్రభుత్వం విడుదల చేయకూడదని పాత నేర విచారణ చట్టమైన సీఆర్‌పీసీలోని 433-ఎ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 475 సెక్షన్ చెబుతున్నాయి తప్ప, 14 ఏళ్లకు విడుదల హక్కు అని ఎక్కడా లేదు. క్షమాభిక్ష జాబితాలో పేరు రావచ్చు, రాకపోవచ్చు. 2008లో స్వామి శ్రద్ధానంద కేసు తర్వాత, శిక్ష తగ్గింపుకు తావు లేకుండా యావజ్జీవం విధించే వీలు కూడా ఏర్పడింది.

శిక్ష పడిన మనిషిని పెళ్లాడకూడదని చట్టం ఏదీ లేదు. 2025 జూలైలో కేరళ హైకోర్టు, యావజ్జీవ ఖైదీకి పెళ్లి కోసం 15 రోజుల పెరోల్ ఇచ్చింది. శిక్ష సంగతి తెలిసి కూడా అమ్మాయి పెళ్లికి సిద్ధపడటాన్ని న్యాయమూర్తి లెక్కలోకి తీసుకున్నారు. అయితే ఏ చట్టం కింద చేసుకుంటున్నారన్నది ముందే ఆలోచించుకోవాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో, భాగస్వామి 7 ఏళ్లు అంతకు మించిన శిక్ష అనుభవిస్తుండటం విడాకులకు ఒక కారణం; 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. తెలిసే చేసుకున్న పెళ్లిలో ఆ కారణం ఎంతవరకు నిలుస్తుందన్న వాదన వేరే.

అన్నిటికంటే ముందు ఆమె తీర్పు చదవాలి. జైల్లో ఎవరిని అడిగినా ఆవేశంలో జరిగిపోయిందనే అంటారు. చనిపోయింది పొలం గట్టు దగ్గర తగాదా పడిన దాయాదా, లేక కట్టుకున్న భార్యా అన్నది తీర్పులో ఉంటుంది. మీ అక్క గతాన్ని బట్టి చూస్తే, నేను మొదట వెతికేది ఆ ఒక్క వివరమే.

కావలి చెల్లెలు:

అందరికీ కృతజ్ఞతలు. ముత్తుకూరు అక్కగారి మాట నాకు గట్టిగానే తగిలింది. నిజానికి ఆ సంబంధాల్లో రెండు తెచ్చింది మా ఇంటివాళ్లే. రాత్రి అక్కతో మాట్లాడాను. తీర్పు చదవలేదట, అతడు చెప్పింది చాలంది, కానీ కోప్పడలేదు. కేసు నంబరు ఆమె దగ్గర లేదు. నంబరు లేకుండా తీర్పు దొరుకుతుందా? నేను కూడా ఆమెతో ములాఖత్‌కు వెళ్లవచ్చా?

నెల్లూరు న్యాయవాది:

ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో జిల్లాను ఎంచుకుని ముద్దాయి పేరు, సంవత్సరంతో వెతకవచ్చు. పోలీస్ స్టేషన్, ఎఫ్‌ఐఆర్ నంబరు తెలిస్తే ఇంకా సులువు. పాత కేసైతే తీర్పు ప్రతి అక్కడ లేకపోవచ్చు, అప్పుడు శిక్ష వేసిన సెషన్స్ కోర్టులో నకలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. హైకోర్టులో అప్పీలు ఉందో లేదో కూడా చూడండి. అయితే మీరు వెతికి తెచ్చి ఆమె ముందు పెట్టడం కన్నా, నంబరు ఇమ్మని ఆమే అతడిని అడగడం మేలు. వెంటనే ఇస్తాడా, మాట మారుస్తాడా అన్నది కూడా ఆమెకు తెలియవలసిన సంగతే. ములాఖత్‌కు మీరు వెళ్లాలంటే మిమ్మల్ని కలవడానికి ఖైదీ ఒప్పుకోవాలి, మీ ఆధార్ దగ్గర ఉండాలి. ఏయే రోజుల్లో అనుమతిస్తారో ముందుగా జైలు కార్యాలయంలో కనుక్కుని బయలుదేరండి.