డబ్లిన్ మిడ్-వెస్ట్‌లో ఎవరికి ఛాన్స్ ఉంది? మొదటిసారి ఓటేస్తున్నాను, కాస్త చెప్పండి

లూకన్ కొత్త ఓటరు (18 నవంబరు 2024)
అందరికీ నమస్కారం. ఈ ఏడాదే ఐరిష్ పౌరసత్వం వచ్చింది. 29న డాల్ (ఐర్లండ్ పార్లమెంటు దిగువ సభ) ఎన్నికల్లో మొదటిసారి ఓటేయబోతున్నాను. ఇల్లు లూకన్‌లో, నియోజకవర్గం డబ్లిన్ మిడ్-వెస్ట్. రోజూ తలుపు సందులోంచి కరపత్రాలు పడుతూనే ఉన్నాయి, అభ్యర్థుల జాబితా చూస్తే చాంతాడంత ఉంది. నాకు నచ్చిన మనిషి చిన్న పార్టీ. "గెలవని వాళ్లకి వేసి ఓటు వేస్ట్ చేసుకోకు" అని మావారు. ఇక్కడ నిజంగా ఎవరికి ఛాన్స్ ఉందో, అది ఎలా అంచనా వెయ్యాలో తెలిసినవాళ్లు చెప్తారా? పేపర్లో వచ్చే సర్వే శాతాలు మన నియోజకవర్గానికీ పనికొస్తాయా?

క్లొండాల్కిన్ పాతకాపు
మీ వారి మాట మన ఊళ్లో ఎమ్మెల్యే ఎన్నికకైతే సరిపోతుంది అక్కా, ఇక్కడ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక గుర్తుందా? మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంటూ అంకెలు వేస్తాం కదా, ఇదీ అదే పద్ధతి. 2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది నిలబడితే మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలలేదు. ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ రోజుల తరబడి లెక్కపెట్టి, చివరికి సురభి వాణీదేవి గారు గెలిచారని ప్రకటించారు. అక్కడ ఉన్నది ఒక్క సీటు కాబట్టి సగం కంటే ఒక్క ఓటు ఎక్కువ రావాలి. ఇక్కడ మిడ్-వెస్ట్‌లో ఈసారి ఐదు సీట్లు (మొన్నటిదాకా నాలుగే). చెల్లిన ఓట్లను ఆరుతో భాగించి ఒకటి కలిపితే కోటా. ఉదాహరణకు 42,000 ఓట్లు చెల్లితే కోటా 7,001. అంటే ఆరో వంతు మంది మెచ్చితే చాలు, గెలిచినట్టే.

ఇక వేస్ట్ సంగతి. మీరు 1 వేసిన మనిషి అందరికంటే కింద ఉండి బయటికి పోతే, మీ కాగితాన్ని పారెయ్యరు. మీ 2 ఎవరికో చూసి వాళ్ల కట్టలో పెడతారు. వాళ్లూ పోతే 3కి. కాబట్టి నచ్చిన మనిషికి ధైర్యంగా 1 వెయ్యండి, కానీ అక్కడితో ఆపకండి. ఒక్క 1 వేసి వచ్చేస్తే మాత్రం మీ వారు చెప్పిందే నిజమయ్యే ప్రమాదం ఉంది.

లెక్కల పిచ్చోడు
పాతకాపు అన్న పద్ధతి చెప్పారు, నేను ఛాన్సుల సంగతి చూస్తా.

అందరూ చేసే పొరపాటు మొదటి లెక్కలో ఎవరు ఎన్నో స్థానంలో ఉన్నారనేది మాత్రమే చూడటం. చూడాల్సినవి మూడు. మొదటి లెక్కలో కోటాకి ఎంత దూరంలో ఉన్నారు? మధ్యలో బయటికి పోయేవాళ్ల ఓట్లు ఎటు వెళ్తాయి? కోటా దాటినవాళ్ల దగ్గర మిగులు (కోటాకి మించి వచ్చిన ఓట్లు, అవి తర్వాతి ప్రాధాన్యం ప్రకారం వేరేవాళ్లకి వెళ్తాయి) ఎంత, అది ఎవరికి చేరుతుంది? మిడ్-వెస్ట్‌లో మూడోదే అసలు కథ.

2020 గుర్తు తెచ్చుకోండి. షిన్ ఫేన్ తరఫున ఓవెన్ ఓ బ్రిన్‌కి మొదటి లెక్కలోనే 11,842 ఓట్లు. కోటా దాటి బోలెడు మిగిలాయి. ఆయనతో పాటు మార్క్ వార్డ్ కూడా గెలిచారు. ఆ ఏడాది షిన్ ఫేన్ దేశమంతా 24.5 శాతం తెచ్చుకుంది, కానీ చాలా చోట్ల సరిపడా అభ్యర్థుల్నే పెట్టలేదు. దాంతో ఆ మిగులు ఓట్లు పొంగి పక్కనున్న చిన్న వామపక్షాల వాళ్లను ఒడ్డున పడేశాయి. మన దగ్గర జీనో కెన్నీ (పీపుల్ బిఫోర్ ప్రాఫిట్), ఫీనా గేల్ నుంచి ఈమర్ హిగిన్స్ మిగతా రెండు సీట్లు తీసుకున్నారు. ఫియన్నా ఫాల్ పాత సభ్యుడు జాన్ కరన్ ఓడిపోయారు, ఆ పార్టీకి ఇక్కడ సున్నా.

ఇప్పుడు? జూన్‌లో జరిగిన స్థానిక ఎన్నికల్లో షిన్ ఫేన్ బాగా దెబ్బ తింది, దేశవ్యాప్తంగా 12 శాతం దగ్గర ఆగింది. డాల్ ఎన్నికల్లో అంత తగ్గదని నా నమ్మకం. కానీ 2020 నాటి మిగులు మాత్రం ఉండదు. అది లేకపోతే ముందు ఇబ్బంది పడేది కెన్నీనే.

నా అంచనా: ఓ బ్రిన్ ఖాయం. పార్టీకి హౌసింగ్ విషయాల ప్రతినిధి, ఇళ్ల అద్దెల టెన్షన్ ఉన్నంత కాలం ఆయన్ని కదిలించలేరు. హిగిన్స్ సహాయమంత్రి, ఆమెకూ ఢోకా లేదు. ఫియన్నా ఫాల్ నుంచి కౌన్సిలర్ షేన్ మోయినిహన్‌కి మంచి అవకాశం, ఐదో సీటు పెరగడమే వాళ్లకు వరం. మార్క్ వార్డ్‌కి క్లొండాల్కిన్ పునాది గట్టిది. మిగిలిన ఒక్కదాని కోసం కెన్నీ, ఇండిపెండెంట్ పాల్ గోగార్టీ, పెద్ద పార్టీల రెండో అభ్యర్థులు.

అడామ్స్‌టౌన్ అమ్మ
గోగార్టీ అంటే ఒకప్పుడు డాల్‌లో బూతుమాట అన్నాయనేనా?

క్లొండాల్కిన్ పాతకాపు
ఆయనే. 2009 డిసెంబరులో. అప్పుడు గ్రీన్ పార్టీ, 2002 నుంచి 2011 దాకా ఇక్కడి సభ్యుడే. ఆ తర్వాత ఇండిపెండెంట్‌గా లూకన్ కౌన్సిలర్. చెత్త ఎత్తలేదన్నా, బస్సు రాలేదన్నా జనం ముందు ఆయనకే ఫోన్ చేస్తారు. జెండా లేని మనిషికి 3, 4 ప్రాధాన్యాలు అన్ని వైపుల నుంచీ రాలతాయి. అందుకే నేనైతే ఐదో సీటుకి ఆయన్నే ముందు పెడతా.

ఎర్రజెండా తమ్ముడు
అన్నా, అంత తొందరపడకండి. సోషల్ డెమోక్రాట్లు, లేబర్, గ్రీన్లు బయటికి పోయాక వాళ్ల ఓట్లు ఎటు వెళ్తాయి? ఎక్కువ భాగం వామపక్షాల వైపుకే కదా. కెన్నీ లైవ్‌లో ఉంటే అవన్నీ ఆయనకే. మనిషి కూడా మంచివాడని పార్టీతో సంబంధం లేకుండా పేరుంది.

లెక్కల పిచ్చోడు
"లైవ్‌లో ఉంటే" అన్నావు చూడు తమ్ముడూ, చిక్కంతా అక్కడే. ఆ ఓట్లు పంచే సమయానికి ఆయన ఇంకా పోటీలో మిగలాలి, పైగా ముందున్నవాళ్లను అందుకునే దూరంలో ఉండాలి. గ్రీన్ ఓటర్లలో పాతకాలం నుంచి గోగార్టీని ఎరిగినవాళ్లూ ఉన్నారు, అవన్నీ వామపక్షాలకే వెళ్తాయనుకోలేం. నీ మాట పూర్తిగా కొట్టిపారెయ్యను, తక్కువ తేడాతోనే తేలుతుంది.

లూకన్ కొత్త ఓటరు
చాలా స్పష్టంగా ఉంది, థాంక్స్. ఇంకో సందేహం. కింద ఉన్నవాళ్లకి 5, 6, 7 కూడా వేసుకుంటూ పోతే, నేను 1 వేసిన మనిషికే అడ్డు తగలదా?

క్లొండాల్కిన్ పాతకాపు
తగలదు. మీ 2 ని ఎవరూ కన్నెత్తి కూడా చూడరు, మీ 1 గెలిచో ఓడో పక్కకి తప్పుకునేదాకా. ఇష్టం లేనివాళ్ల దగ్గర మాత్రం గడి ఖాళీగా వదిలేయండి. లేదా "వీళ్లకంటే వాళ్లు నయం" అనిపిస్తే వరుసలో కింద పెట్టండి. ఆఖరి సీటు మీకు నచ్చని ఇద్దరి మధ్యే తేలుతుంటే, ఆ కింది అంకెతో కూడా మీ మాట చెల్లుతుంది. 2002లో లిమరిక్ వెస్ట్‌లో ఫీనా గేల్ వాళ్లే ఇద్దరు ఆఖరి సీటుకి మిగిలి, డాన్ నెవిల్ ఒకే ఒక్క ఓటుతో గెలిచారు.

బ్యాలట్ జాగ్రత్తలు కూడా చెప్పేస్తా. టిక్కులూ ఇంటూలూ వద్దు, అంకెలే. ఒకే అంకె రెండుసార్లు పడకూడదు. ఎక్కడా సంతకం, పేరు పెట్టొద్దు. పోలింగ్ కార్డు రాకపోయినా రిజిస్టర్లో పేరుంటే చాలు, పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో తీసుకెళ్లండి. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా టైముంది. బూత్ లోపల సెల్ఫీ సరదా పెట్టుకోకండి.

మన దగ్గర ఇంకో తమాషా ఉంది. ఈసారి బ్యాలట్‌లో ఓవెన్ ఓ బ్రిన్‌లు ఇద్దరు! ఒకరు షిన్ ఫేన్, ఇంకొకరు సోషల్ డెమోక్రాట్లు. ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటారు కాబట్టి ఒకరి కిందే ఒకరు వస్తారు. ఫోటో, పార్టీ గుర్తు చూసి మరీ అంకె వెయ్యండి.

అడామ్స్‌టౌన్ అమ్మ
మా ఇంటికి ఒక పార్టీ నుంచి ఉత్తరం వచ్చింది. మా వైపు వాళ్లు ఫలానా ఆయనకి 1, ఇంకొకరికి 2 వెయ్యాలట. క్లొండాల్కిన్‌లో మా ఫ్రెండ్‌కి వచ్చిన దాంట్లో తిరగేసి ఉంది. మోసమా ఇది?

లెక్కల పిచ్చోడు
మోసం కాదమ్మా, ఓట్ల పంపకం. ఒకే పార్టీవాళ్లు ఇద్దరు నిలబడితే, ఒకరికే అన్నీ పోయి రెండోవాళ్లు ముందే ఎలిమినేట్ కాకుండా ప్రాంతాలవారీగా పంచుతారు. వినాలని రూలేం లేదు. కానీ ఛాన్సులు లెక్కేసేవాళ్లకి ఆ ఉత్తరాలు మంచి ఆధారం. పార్టీ తన రెండో మనిషిని నిజంగా గెలిపించాలనుకుంటోందా, లేక ఊరికే ఓట్లు పోగేయడానికి నిలబెట్టిందా అన్నది వాటిలో బయటపడుతుంది.

బెట్టింగ్ వెబ్‌సైట్లలో నియోజకవర్గాల రేట్లు చూసేవాళ్లకి ఒక మాట. 4/6 అని ఉంటే ఆరు పెడితే నాలుగు లాభం. అంటే 6ని 10తో భాగించి 60 శాతం అవకాశం అనుకోవాలి. ఐదు సీట్ల దగ్గర అందరి శాతాలూ కలిపితే 500 రావాలి, వాళ్ల కమీషన్ కలిసి ఉంటుంది కాబట్టి అంతకంటే ఎక్కువే వస్తుంది. ఆ మేరకు తగ్గించి చూడండి. దేశవ్యాప్త సర్వేలు గాలి ఎటుందో చెప్తాయి, అంతే. లూకన్‌లో ఎవరి గడప ఎవరు తొక్కారో వాటికి తెలియదు.

కొత్తగా వచ్చిన స్టూడెంట్
స్టాంప్ 2 (స్టూడెంట్ల నివాస అనుమతి) మీద ఉన్నాను. నాకు ఓటు ఉంటుందా?

క్లొండాల్కిన్ పాతకాపు
డాల్ ఎన్నికల్లో లేదు తమ్ముడూ. ఐరిష్ పౌరులు, ఇక్కడుండే బ్రిటిష్ పౌరులు మాత్రమే. స్టాంప్ 4 (వర్క్ పర్మిట్ అక్కర్లేని నివాస అనుమతి) వాళ్లకీ లేదు. కానీ కౌన్సిలర్ల ఎన్నికలో ఇక్కడ నివాసముండే ఏ దేశంవాళ్లయినా ఓటేయొచ్చు. మనవాళ్లు చాలామందికి ఇది తెలియక పేరే నమోదు చేసుకోరు. ఇప్పుడే చేసుకో. పీపీఎస్ నంబరు (ప్రభుత్వ సేవలకి ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్ లాంటిది), పుట్టినతేదీ ఉంటే ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. ఈ డాల్ ఎన్నికలకి నమోదు గడువు 12తోనే అయిపోయింది, పౌరసత్వం ఉండీ నమోదు కానివాళ్లకి కూడా ఇక దారి లేదు.

లూకన్ కొత్త ఓటరు (2 డిసెంబరు 2024)
ఓటేశాను, ఎనిమిది దాకా అంకెలు వేశాను! మావారు కూడా పక్క బూత్‌లో వేశారు, ఎవరికో చెప్పట్లేదు. మన ఐదుగురు: ఓ బ్రిన్ (షిన్ ఫేన్ ఆయనే), వార్డ్, హిగిన్స్, మోయినిహన్, గోగార్టీ. మీరు చెప్పినట్టే వచ్చింది కదా.

ఎర్రజెండా తమ్ముడు
కెన్నీ పోయాడు. బాధగా ఉంది.

లెక్కల పిచ్చోడు
బాధే తమ్ముడూ. షిన్ ఫేన్ ఓటు 2020 స్థాయిలో లేదు, దేశమంతా 19 శాతానికి దిగింది. అయినా ఇక్కడ రెండు సీట్లు నిలబెట్టుకున్నారంటే వాళ్ల పనితనమే. ఓట్లు తమవాళ్లిద్దరికే సరిపోయినప్పుడు పక్కవాళ్లకి పంచడానికేం మిగులుతుంది.

మన ఊళ్లోనే ఉన్న డబ్లిన్ సెంట్రల్ చూశారా? పాఠం చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నాలుగు సీట్లు. మొదటి లెక్కలో ఇండిపెండెంట్ గెరీ హచ్ 3,098 ఓట్లతో నాలుగో స్థానం. పత్రికలన్నీ ఆయన చుట్టే. లేబర్ అభ్యర్థి మేరీ షెర్లాక్‌కి దాదాపు రెండున్నర వేలే. చివరికి సీటు షెర్లాక్‌ది. మధ్యలో ఎలిమినేట్ అయినవాళ్ల ఓటర్లు ఆమెని 3లోనో 4లోనో పెట్టారు, హచ్ గడిని చాలామంది ఖాళీగా వదిలేశారు. గట్టిగా ఇష్టపడేవాళ్లు కొందరున్నా, ఇష్టపడనివాళ్లు ఎక్కువుంటే ఈ పద్ధతిలో పైకి రావడం కష్టం.

ఓటింగ్ అయిపోగానే వచ్చిన ఎగ్జిట్ పోల్‌ని కూడా గమనించండి. షిన్ ఫేన్ 21.1, ఫీనా గేల్ 21, ఫియన్నా ఫాల్ 19.5 అంది. పెట్టెలు తెరిచాక ఫియన్నా ఫాల్ 21.9తో మొదటి స్థానం, 174లో 48 సీట్లు.

కొత్తగా వచ్చిన స్టూడెంట్
ఒకవేళ వీళ్లలో ఎవరైనా మధ్యలో రాజీనామా చేస్తే ఆరో స్థానంలో ఉన్నవాళ్లని తీసుకుంటారా?

క్లొండాల్కిన్ పాతకాపు
లేదు, ఉప ఎన్నికే. సీటు ఒక్కటే కాబట్టి మళ్లీ మన ఎమ్మెల్సీ లెక్క: సగానికి ఒకటి ఎక్కువ. మార్క్ వార్డ్ డాల్‌కి వచ్చిందే అలా. ఫ్రాన్సెస్ ఫిట్జ్‌జెరాల్డ్ యూరప్ పార్లమెంటుకి వెళ్తే 2019 నవంబరులో ఇక్కడ ఉప ఎన్నిక జరిగింది, అప్పుడు ఆయన ఓడించింది ఈమర్ హిగిన్స్‌నే. రెండు నెలలు తిరిగేసరికి సాధారణ ఎన్నికల్లో ఇద్దరూ గెలిచారు.